రాకపోకల విద్యార్థి – ప్రథమ సంవత్సరం : ఒక పరిశీలన

విద్యార్థి జీవితంలో కళాశాల ప్రవేశం ఒక ముఖ్య ఘట్టం. పాఠశాలలో ఉపాధ్యాయుడు విద్యార్థి వెంట ఉంటాడు. కళాశాలలో విద్యార్థియే అధ్యాపకుని వెదకుకొనవలసి ఉంటుంది. పాఠశాలలో ఒకే గది, ఒకే బల్ల, ఒకే మిత్రబృందం. కళాశాలలో గంటకొక గది, గంటకొక అధ్యాపకుడు, సెమిస్టరుకొక పరీక్ష. నిన్నటివరకు ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివినవారి చేతికి నేడు ఇంగ్లీషు పాఠ్యగ్రంథం వస్తుంది. ఈ మార్పు ప్రథమ సంవత్సర విద్యార్థులందరికీ సమానమే. కాని దానికి అలవాటు పడడానికి కావలసిన కాలం మాత్రం అందరికీ సమానంగా లభించడం లేదు. ఈ వ్యాసంలో మేము విచారింపదలచిన విషయం ఇదే.

కళాశాల లెక్కలలో విద్యార్థులు రెండు రకాలు : హాస్టలు విద్యార్థులు, డేస్కాలర్లు. ఈ రెండవ మాట వెనుక మరల రెండు రకాలవారు ఉన్నారు. ఒకరు పట్టణంలోనే ఉండి, నడిచియో సైకిలుపైనో పది నిమిషాలలో వచ్చేవారు. మరొకరు చీకటితో లేచి, బస్సుకో రైలుకో ఎదురుచూచి, పట్టణం చేరి, సాయంత్రం మరల ఊరికి మళ్ళేవారు. కర్నూలు వంటి పట్టణంలో ఈ రెండవవారి సంఖ్య తక్కువ కాదు. నందికొట్కూరు, ఓర్వకల్లు, కోడుమూరు, గూడూరు, వెల్దుర్తి మార్గాల నుండి వీరు వస్తారు. తుంగభద్ర వంతెన దాటి అలంపురం ప్రాంతం నుండి కూడ వస్తారు. 2014 జూన్ 2 నుండి నదికి ఆవలి ఒడ్డు వేరొక రాష్ట్రమైనది. అయినా అక్కడి విద్యార్థికి చేరువలో ఉన్న పెద్ద పట్టణం కర్నూలే. వీరినే మేము ఈ వ్యాసంలో రాకపోకల విద్యార్థులని వ్యవహరిస్తున్నాము.

ప్రయాణం తీసుకొనే కాలం

నందికొట్కూరు కర్నూలుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పల్లెవెలుగు బస్సులో దాదాపు గంట ప్రయాణం. లోపలి పల్లెలనుండి వచ్చేవారికి ఇంకొంత ఎక్కువ. బస్సుకోసం నిలబడే సమయం, బస్టాండు నుండి కళాశాలకు వచ్చే సమయం కూడ కలిపితే రానుపోను రోజుకు మూడు గంటలు అనడం అతిశయోక్తి కాదు.

మూడు గంటలే కదా అని తోచవచ్చును. కొంచెం లెక్క వేసి చూతము. విశ్వవిద్యాలయ నిధుల సంఘం సూచనల మేరకు ఒక సెమిస్టరుకు 90 బోధన దినాలు. రోజుకు మూడు గంటల వంతున 270 గంటలు ప్రయాణానికి పోతున్నవి. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశానికి వారానికి 4 గంటల వంతున 15 వారాలకు తరగతి కాలం 60 గంటలు. అనగా 270 గంటలు నాలుగున్నర పాఠ్యాంశాల తరగతి కాలానికి సమానం. ఏ మార్కుల జాబితాలోను చేరని నాలుగున్నర పాఠ్యాంశాలను ఈ విద్యార్థి ప్రతి సెమిస్టరులోను రోడ్డుమీద పూర్తి చేస్తున్నాడు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణ పథకాలు అమలులోకి వచ్చినవి. బస్సు ఖర్చు చూచి కుమార్తె చదువు మాన్పించాలనుకొనే తండ్రికి ఇది గొప్ప ఊరట. కాని తగ్గినది ఛార్జీ భారమే, కాలభారం కాదు. టిక్కెట్టు లేకపోయినా గంట గంటే.

ఇతర దేశాలలోని విద్యావేత్తలు కూడ ఈ విషయాన్ని పట్టించుకొన్నారు. అమెరికాలో ఆర్థర్ చికరింగ్ అనే పండితుడు కళాశాల ఆవరణలో నివసించే విద్యార్థులను, ఇంటినుండి వచ్చిపోయే విద్యార్థులను పోల్చి 1974లో ఒక గ్రంథమే ప్రకటించినాడు. ఆవరణలో నివసించేవారు చదువులోను, ఇతర కార్యక్రమాలలోను ఎక్కువగా పాల్గొంటున్నారనీ, వచ్చిపోయేవారు వెనుకబడుతున్నారనీ ఆయన చూపించినాడు. అక్కడి విద్యార్థి చాలవరకు సొంత కారులో వస్తాడు. మన విద్యార్థి ఒక చేత పుస్తకాల సంచి, ఒక చేత బస్సు కడ్డీ పట్టుకొని వస్తాడు. అయినా ఇద్దరి ఇబ్బంది ఒకటే. కళాశాల వారికి పాఠం వినే చోటు మాత్రమే అవుతున్నది, మసలే చోటు కావడం లేదు.

ఒక టి.సి. కథ

ఇక్కడ మా అనుభవంలోని ఒక సంగతి చెప్పక తప్పదు. అందులో తప్పు మాదే కనుక చెప్పడానికి సంకోచం లేదు.

కొన్ని సంవత్సరాల క్రిందట ప్రథమ సంవత్సరంలో ఒక విద్యార్థిని చేరినది. మొదటి పీరియడు తెలుగు. గంట 9.30కు మ్రోగుతుంది. పది నిమిషాల తరువాత వచ్చినవారిని కూర్చొననిచ్చినా హాజరు వేయము అని మేము నియమం పెట్టుకొన్నాము. ఆ అమ్మాయి ప్రతి దినం 9.50కి వాకిట నిలిచేది. మేము తల ఊపేవారము. లోనికి వచ్చి చివరి బల్లపై కూర్చొనేది. పాఠం శ్రద్ధగా వ్రాసుకొనేది. మేము హాజరు పట్టీలో గైరుహాజరు వేసేవారము. "ఎందుకమ్మా ఆలస్యం?" అని సెమిస్టరు మొత్తంలో రెండు పర్యాయాలు అడిగి ఉంటాము. "బస్సు సార్" అన్నది. అది అందరూ చెప్పే మాటే అని ఊరకున్నాము.

సెమిస్టరు చివర హాజరు చాలనివారి జాబితా గోడకు అంటించినారు. అందులో ఆమె పేరున్నది. అటు తరువాత వారం దినాలకు ఆమె తండ్రి వెంటబెట్టుకొని వచ్చినాడు. వచ్చినది టి.సి. కోసం. స్టాఫ్‌రూము వాకిట నిలిచి ఆయన మాతో అన్న మాటలు నేటికీ జ్ఞాపకం ఉన్నవి. "తప్పు మీదని అనడం లేదు సార్. మా ఊరికి పొద్దున ఒకటే బస్సు. అది తొమ్మిదిన్నరకు బస్టాండులో దించుతాది. అంతకన్నా ముందు రమ్మంటే యాడనుంచి వస్తాది సార్?"

మేము అమ్మాయి వైపు తిరిగి, "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగినాము. ఆమె తల వంచుకొని, "అందరి ముందర ఏం చెప్పేది సార్" అన్నది. కొంత లోటును రుసుము కట్టించుకొని మన్నించే పద్ధతి ఒకటి ఉన్నదని ఆమెకు తెలియదు. మేమూ చెప్పి ఉండలేదు. ఆ దినం ఎంత నచ్చజెప్పినా తండ్రి మనసు మారలేదు. గోడమీద కుమార్తె పేరు పడడం ఆయనకు అవమానంగా తోచినది. ఆమె తిరిగి రాలేదు.

ఆ రాత్రి మేము కాగితం పెట్టుకొని లెక్క వేసినాము. రోజుకు 5 పీరియడ్లు, 90 దినాలకు 450. కావలసిన హాజరు 75 శాతం, అనగా 338 పీరియడ్లు. పట్టణంలో ఉన్న విద్యార్థి 22 దినాలు పూర్తిగా ఇంట కూర్చొన్నా అతనికి 340 హాజర్లు మిగులుతవి. మొదటి పీరియడు నిత్యం పోగొట్టుకొనే విద్యార్థినికి, ఒక్క దినమైనా మానకపోయినా, లభించేవి 360 మాత్రమే. ఆమె 5 దినాలు మానితే 340. ఆరవ దినం మానితే 336, లోటు పడినట్లే. ఒక జ్వరం, ఒక పెళ్ళి, ఒక బస్సుల బంద్ చాలును. ఒకే నియమం ఒకరికి 22 దినాల సెలవు ఇస్తున్నది, మరొకరికి 5 దినాలే ఇస్తున్నది. ఆ లెక్క ఆ సెమిస్టరు మొదటి వారంలో వేసి ఉంటే ఆ టి.సి. అవసరమయ్యేది కాదేమో.

మా విద్యార్థి దశ

నిజానికి ఈ కష్టం మేమెరుగనిది కాదు. ఇంటర్మీడియట్, డిగ్రీ కలిపి ఐదేళ్ళు మేము కూడ బస్సులో వచ్చి చదివినవారమే. డిగ్రీ మొదటి సంవత్సరం ముగిసేనాటికి మా గ్రంథాలయపు కార్డుపై ఒక్క ముద్ర కూడ పడలేదు. గ్రంథాలయం తెరచి ఉన్నప్పుడు మాకు తరగతి. తరగతి ముగిసినప్పుడు మాకు బస్సు. చివరి గంట మ్రోగకముందే పుస్తకాలు సంచిలో సర్దుకొనేవారము. అధ్యాపకులు "సందేహాలున్నవా?" అని అడిగే సమయానికి మా చూపు వాకిలి మీదనే ఉండేది.

తరువాత ఎం.ఏ. చదవడానికి విశ్వవిద్యాలయ వసతిగృహంలో చేరినాము. పాఠాలలో కంటె రాత్రి భోజనానంతరం మిత్రులతో జరిగే చర్చలలోనే మేము ఎక్కువ నేర్చుకొన్నామని చెప్పవచ్చును. ఒక పద్యానికి ఇద్దరు రెండు అర్థాలు చెప్పి వాదించుకొని, మూడవవాని గదిలోని నిఘంటువు తెచ్చి చూచుకొనేవారము. అప్పుడు తెలిసినది, ఐదేళ్ళు మేము పోగొట్టుకొన్నది ఏమిటో. ఇంత తెలిసి కూడ, అధ్యాపకుని కుర్చీలో కూర్చొన్న తరువాత బస్సును మరచినాము. కష్టం దాటినవాడు కష్టాన్ని త్వరగా మరచిపోతాడు.

విద్యార్థినీ విద్యార్థులకు

ఈ అనుభవాలనుండి ప్రథమ సంవత్సరపు రాకపోకల విద్యార్థులకు కొన్ని మాటలు చెప్పదలచినాము.

మొదటిది, అన్నిటికంటె ముఖ్యమైనది : మొదటి వారంలోనే మీ బస్సు సంగతి చెప్పండి. ఒక అర కాగితంపై మీ ఊరు, మీ బస్సు పట్టణం చేరే వేళ, సాయంత్రం మీకున్న చివరి బస్సు వేళ వ్రాసి తరగతి అధ్యాపకునికి ఇవ్వండి. పదిమంది ఎదుట చెప్పడానికి సిగ్గుపడేవారు స్టాఫ్‌రూములో ఇవ్వండి. ఇది సాకు కాదు, సమాచారం. ఆలస్యమైన దినం చెప్పే కారణానికి, ముందుగా చెప్పిన విషయానికి ఎంతో భేదం ఉన్నది.

రెండవది : మీ హాజరును నెలకొకసారి మీరే లెక్కించుకోండి. పైన మేము చూపిన లెక్క కష్టమైనది కాదు. జాబితా గోడకెక్కిన తరువాత చేయగలిగినది తక్కువ. నెల నెలా చూచుకొనేవారికి దారి ఉంటుంది.

మూడవది : వారానికి రెండు దినాలైనా ఒక బస్సు ఆలస్యంగా వెళ్ళండి. ప్రతి దినం కుదరదని మాకు తెలుసు. రంజాన్ మాసంలో ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరవలసినవారిని ఆగమని చెప్పబోము. మిగిలిన దినాలలో, ఒకే మార్గంలో వెళ్ళే ముగ్గురు నలుగురు కలిసి ఆగితే విద్యార్థినులకు కూడ తోడు ఉంటుంది. ఆ గంటలో గ్రంథాలయానికి వెళ్ళవచ్చును, అధ్యాపకుని కలిసి సందేహం తీర్చుకొనవచ్చును, వక్తృత్వ పోటీకి పేరు ఇవ్వవచ్చును. కళాశాల మనది అనే భావం కలిగేది ఆ గంటలోనే.

నాల్గవది : మధ్యలో దొరికే ఖాళీ పీరియడును వదలవద్దు. హాస్టలు విద్యార్థికి రాత్రి ఉన్నది. పట్టణ విద్యార్థికి సాయంత్రం ఉన్నది. మీకున్నది ఆ ఖాళీ పీరియడే. దానిని గేటు దగ్గర నిలబడి గడిపితే మరల దొరకదు.

ఐదవది బస్సులో చదువు. నిలబడి, కుదుపులలో, సెల్‌ఫోనులోని సన్నని అక్షరాలు చదివితే కన్నులు నొచ్చడమే తప్ప ఫలితం స్వల్పం. అంతకంటె మంచి ఉపాయం ఒకటి ఉన్నది. 1885లో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు తనపై తానే ప్రయోగాలు చేసికొని, నేర్చిన దానిలో చాలభాగం మొదటి గంటలలోనే మరపునకు వస్తుందనీ, ఆ తరువాత మరపు నెమ్మదిస్తుందనీ చూపించినాడు. కావున పాఠం విన్న దినమే దానిని ఒకసారి మననం చేసికొనడం మేలు. బస్సులో పుస్తకం తెరువనక్కరలేదు. ఈ దినం ఏ పీరియడులో ఏమి విన్నామో, క్రమంగా, మనసులోనే చెప్పుకోండి. గుర్తు రాని చోట తోటి విద్యార్థిని అడగండి. ఇంటికి చేరినాక ఆ చోటు మాత్రం పుస్తకంలో చూచుకోండి. ఉదయం ప్రయాణంలో మాత్రం, సీటు దొరికితే, కునుకు తీయడం నేరం కాదు. నిద్ర చాలక వచ్చి తరగతిలో నిద్రించడం కంటె అది మేలు.

ఆరవది : పట్టణంలో ఉండే మిత్రుని ఒకనిని సంపాదించుకోండి. పోయిన పాఠపు నోట్సుకు, నోటీసు బోర్డుపై పడిన వార్తకు అతడు ఆధారం. ప్రతిగా మీరు కూడ అతనికి ఏదో ఒక విషయంలో ఉపయోగపడండి. ఎప్పుడూ తీసికొనడమే అయితే స్నేహం నిలువదు.

చివరిది చిన్న మాట. ఉదయం ఏమీ తినక బస్సెక్కవద్దు. సంచిలో రెండు రొట్టెలు ఉంచుకొనడానికి సిగ్గుపడనక్కరలేదు. ఖాళీ కడుపుతో విన్న పాఠం చెవిదాకానే వస్తుంది.

తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు కూడ ఒక విన్నపం. సాయంత్రం ఇల్లు చేరిన కుమారుడు అలసినాడని అందరికీ కనబడుతుంది. అదే బస్సులో వచ్చిన కుమార్తె అలసినదని ఎవరికీ కనబడదు. ఆమె సంచి దించగానే వంటయింటి పని ఎదురుచూస్తుంది. ఇంటి పని నేర్వవద్దని మేము అనము. పరీక్షల నెలలోనైనా రాత్రి ఒక గంట ఆమెకు విడిచిపెట్టవలెనని మాత్రమే కోరుతున్నాము. ఇంకొకటి. హాజరు జాబితాలో పేరు పడితే అది కుటుంబానికి అవమానం కాదు. ఒకసారి కళాశాలకు వచ్చి మాట్లాడండి. టి.సి. అడగడానికి ముందు దారి అడగండి.

పాలకవర్గానికి మనవి

విద్యార్థి ఎంత శ్రమించినా కళాశాల చేయవలసిన పని కొంత ఉండనే ఉన్నది. పాలకవర్గం వారి సన్నిధికి ఈ క్రింది మనవులు సమర్పిస్తున్నాము. వీనిలో వేటికీ పెద్ద ఖర్చు లేదు.

ప్రవేశ దరఖాస్తులో "ఏ బస్సులో వస్తారు, ఎన్ని గంటలకు చేరుతారు" అనే ఒక వరుస చేర్చవలెను. ఆ వివరాలను మార్గాలవారీగా కూర్చితే, ఏ మార్గంలో ఎందరున్నారో తెలుస్తుంది. ఆ జాబితాతో ఆర్టీసీ డిపో వారికి కళాశాల పక్షాన విజ్ఞప్తి చేయవచ్చును. ఒక విద్యార్థి అడిగితే బస్సు వేళ మారదు. నలభైమంది పేర్లతో ప్రిన్సిపాలు గారు అడిగితే మారడానికి అవకాశం ఉన్నది.

మొదటి పీరియడులో నిత్యం ఒకే పాఠ్యాంశం ఉంచక, వారంలో మార్చి మార్చి ఉంచవలెను. అప్పుడు ఆలస్యమయ్యే విద్యార్థి ఏ ఒక్క పాఠ్యాంశాన్నీ పూర్తిగా కోల్పోడు.

గ్రంథాలయాన్ని మధ్యాహ్న విరామంలో మూయక తెరచి ఉంచవలెను. శుక్రవారం జుమా వేళకు కావలసిన ఏర్పాటు సిబ్బంది వంతులవారీగా చేసికొనవచ్చును. ఆచార్య రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో నాల్గవది పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గురించియే. కాలం తక్కువగా ఉన్న పాఠకుడు రాకపోకల విద్యార్థి కంటె వేరెవరు?

సాహిత్య సభలు, పోటీలు, సమావేశాలు సాయంత్రం నాలుగు తరువాత పెట్టక, వీలైనంతవరకు మధ్యాహ్నం జరుపవలెను. ఈ పత్రికకే రచనలు పంపేవారిలో బస్సులో వచ్చేవారు ఎందరో చూస్తే ఈ మనవిలోని అవసరం తెలుస్తుంది. వారిలో వ్రాయగలవారు లేకపోలేదు. రచన తెచ్చి ఇచ్చే వేళకు సంపాదకవర్గం గది తలుపు తెరచి ఉండదు.

ఇక మా వంతు. ఆ టి.సి. నాటి నుండి మేము హాజరును పీరియడు మొదట తీసికొనడం మాని చివర తీసికొంటున్నాము. పట్టణంలో ఉండి ఆలస్యంగా వచ్చేవారిని విడిగా పిలిచి మందలిస్తున్నాము. దీనివల్ల తరగతి క్రమశిక్షణ చెడిపోతుందని మొదట భయపడినాము. చెడలేదు. వాకిట నిలిచి తల ఊపు కోసం ఎదురుచూచేవారు ఇప్పుడు సద్దు చేయక వచ్చి కూర్చొంటున్నారు. విద్యార్థులు ఇచ్చిన అర కాగితాలను హాజరు పట్టీలోనే ఉంచుకొన్నాము. పేరు పిలిచే ముందు ఒకసారి వానిని తిరగవేయడం అలవాటైనది.

బస్సు వేళ విద్యార్థి చేతిలో లేదు. చెప్పడం విద్యార్థి చేతిలో ఉన్నది. అడగడం మన చేతిలో ఉన్నది. క్రొత్తగా చేరిన విద్యార్థినీ విద్యార్థులు సంకోచం విడిచి చెప్పగలరనీ, మనమందరము ముందుగానే అడగగలమనీ ఆశిస్తున్నాము.